సున్నా కంటే తేలికైన పటం

"నన్నా తీసేసేది? నన్నా?"

అంటూ మా బావ టీ గ్లాసు బల్ల మీద పెట్టిన తీరుకి పక్కనున్న బిస్కెట్ల డబ్బా మూత ఎగిరి కింద పడింది. టీకొట్టు మా పెద్దక్కది. డబ్బా కూడా ఆవిడదే. ఆవిడ మూత తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టి, "కానీ మరిదీ, మొదలుపెట్టు. పాలు కాగేలోపు అయిపోవాలి" అంది.

మా బావంటే మా చిన్నక్క మొగుడు. కొట్టు పైనున్న మేడ మీద వాళ్ళ కాపురం, మెట్ల కింద గదిలో ఆయన పని. తూకాలు బాగుచేస్తాడు. ఏ కొట్లో త్రాసు మొండికేసినా ఆయన దగ్గరికే రావాలి. అందుకే వీధంతా త్రాసు మేస్త్రి అంటుంది. ముల్లు వెంట్రుకవాసి పక్కకున్నా ఆయనకి అన్నం సయించదు. మంచం కోళ్ళ కింద అట్టముక్కలు పెట్టి నాలుగు వైపులా సమం చేసుకుంటే గానీ నడుం వాల్చడు.

ఇంతకీ ఆయన కోపమేమిటంటే, ఏటా గాలి మందగించే రోజుల్లో మా వీధికీ వెనక వీధికీ గాలిపటాల పోటీ ఉంటుంది. అసలు గాలే లేనప్పుడు ఎవరి పటం ఎక్కువసేపు పైన నిలుస్తుందో చూస్తారు. వీధికి ఒకే పటం, దారం పట్టేది ఒకే చెయ్యి. మా వీధి తరఫున ఎవరో తేల్చేది కండక్టరు గారు. బస్సులో టిక్కెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి, పటాల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. పోయినేడు ఆ చెయ్యి మా బావది. ఈ ఏడు, రేపు పోటీ అనగా, పొద్దున్నే టీ తాగుతూ, "దారం ఈసారి టైలరు పట్టుకుంటాడు" అనేశారు. ఆ టైలరుని నేనే. నేను అడగలేదు. అయినా మా బావ నన్ను చూసిన చూపు జేబుదొంగని చూసినట్టే ఉంది.

"కండక్టరు గారూ, పెద్దవారు కాబట్టి కూర్చుని మాట్లాడుతున్నా. లేకపోతే నిలబడి మాట్లాడేవాణ్ణి. పోయినేడు పటం పడింది. పడలేదని నేనన్నానా? పడింది. అప్పుడే పోసిన పచ్చి సిమెంటులో, వెనక వీధి వాళ్ళందరి ముందూ పడింది. పళ్ళికిలించారు. మీ చెల్లెలు, వదినా, దారం చుట్టే చరఖా నా చేతిలో పెట్టేసి ఒక్కతే ఇంటికెళ్ళిపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా నా ముందు గాలి అన్న మాటెత్తలేదు తెలుసా? ఉక్కపోస్తుంటే ఫ్యాను వెయ్యండి అంటుంది గానీ గాలి రావట్లేదండీ అనదు. మర్యాద! ఆ మర్యాదే భరించలేకపోతున్నా. నాలుగు తిట్టినా బాగుండును. అయినా తప్పెవరిది? నాదా? సామానుది! సామాను బాగా లేకపోతే మనిషిని తీసేస్తారా? బస్సు చెడిపోతే కండక్టర్ని తీసేశారా ఎప్పుడైనా?"

"డ్రైవర్ని తీసేస్తారు" అన్నారు కండక్టరు గారు.

"చూశారా, మాటకి మాట! సరే. నేనేం చేశానో చెబుతా వినండి, విన్నాక మీరే దారం తెచ్చి నా చేతిలో పెడతారు."

అని గ్లాసు అందుకోబోతూ పైకి చూశాడు. పొయ్యి పక్కన పెద్ద పాలగిన్నె. దానిమీద, రేకుల కప్పుకి కొట్టిన మేకు నుంచి ఒక పటం వేలాడుతోంది, పాలల్లో మసి పడకుండా. పొద్దుటి ఎండ రేకుల కిందనుంచి ఏటవాలుగా వచ్చి దానిమీద పడుతోంది. కాగితమంతా వెలిగిపోతోంది, నిండా గళ్ళు.

"ఇదేంటొదినా, కొత్తగా గొడుగు పెట్టావు పాలకి? గళ్ళ పటం. ఎవరిదో తెగిపడిందా? కానీ చూడండి కండక్టరు గారూ, ఎంత సమంగా వేలాడుతోందో చూడండి! నాలుగు మూలలూ ఒక్క ఎత్తు. దానిమీద ఆవగింజ పెట్టినా దొర్లదు. కట్టినవాడెవడో గానీ పనితనం తెలిసినవాడు. ఇలాంటివాళ్ళని ఎవరూ గుర్తించరు, అదీ మన వీధి తీరు."

పెద్దక్క పాలు కలుపుతూ, "అవును మరిదీ, గుర్తించరు" అంది.

"ఆఁ, ఎక్కడున్నాం? పటాల కొట్టుకెళ్ళా. గాలి తక్కువున్నప్పుడు ఎగిరే సామానివ్వవయ్యా అన్నా. పెద్ద పటం తీశాడు. గాలి తగ్గితే పటం పెద్దదవాలటండీ! పటం పెద్దదైతే పుల్ల లావవ్వాలి, పుల్ల లావైతే కాగితం మందమవ్వాలి, కాగితం మందమైతే దారం గట్టిదవ్వాలి, దారం గట్టిదైతే అది దాని బరువుకే కిందికి లాగుతుంది, ఇంక పటమెందుకు, దున్నపోతుకి దారం కట్టి ఎగరెయ్యొచ్చుగా! పైగా 'తేలిక రకం సార్' అంటాడు. నాతోనా? తేలికంటే ఏమిటో నాకు చెప్పడమా? జేబులో చిన్న త్రాసు ఎప్పుడూ ఉంటుంది కదా, అక్కడే తీసి, వాడి ముందే తూచా. వాడి మొహం చూడాలి మీరు."

"కొన్నావా లేదా?" అన్నారు కండక్టరు గారు.

"కొనడమా! తేలికని ఎవరైనా కొనుక్కుంటారా అండీ? తగ్గించుకోవాలి. ఇంటికొచ్చా, పాత పటం పుల్ల తీశా, గాజుపెంకుతో గీకడం మొదలుపెట్టా. గీకా, తూచా, గీకా, తూచా. గీకిన పొట్టు ఈ పళ్ళెంలో, పుల్ల ఆ పళ్ళెంలో. చివరికి పొట్టు వైపు దిగిపోయింది. పుల్ల ఎంత సన్నమైందంటే పట్టుకుంటే కనబడేది, వదిలేస్తే కనబడేది కాదు. మీ చెల్లెలు రెండుసార్లు ఊడ్చేసింది."

ఇంతవరకూ నమ్మొచ్చు. ఆ పుల్ల నేను చూశాను. నిజంగానే సన్నగా ఉంది, ఎక్కడా ఒక్క ఎగుడుదిగుడు లేదు. మా బావ చేతిపని గురించి ఎవరూ ఏమీ అనలేరు. నోటితోనే వస్తుంది చిక్కంతా.

"తర్వాత కాగితం. పటాల కాగితం మీద రంగుంటుంది. రంగుకి బరువుండదా? ఎవరైనా ఆలోచించారా? నగల కొట్టువాళ్ళు ఉంగరాలు పొట్లం కట్టే తెల్లకాగితం ఉంటుంది చూశారూ, ఊదితే ఎగిరిపోతుంది, అది అడిగి తెచ్చా. అరచెయ్యంత ముక్కలు. అన్నీ అతికా. అతుకు అతుకులా ఉండకూడదు, వేలితో తడిమితే తెలియకూడదు. బంక ఎంత వాడానో తెలుసా? సూది మొనతో. బంక ఆరాక ఆ అంటు మిగులుతుంది కదా, దాన్ని కూడా గోటితో తీసేశా."

"మరి ముక్కలెలా అంటుకుని ఉన్నాయి బావా?" అన్నాను.

"భయంతో! నువ్వు మధ్యలో మాట్లాడకు. అసలు నీ వల్లే ఇదంతా. దారం సంగతి చెప్పమంటావా? నీ కొట్లోంచే తెచ్చా, అడగలేదు, ఇప్పుడు చెబుతున్నా. నువ్వు చొక్కాలు కుట్టే దారంలో మూడు పోగులు పేనుంటాయి. ఒక్క పోగు విప్పుకున్నా, మిగతా రెండూ నీ ఉండకే చుట్టి పెట్టేశా."

"అందుకా వారం నుంచి గుండీలు ఊడిపోతున్నాయని జనం నన్ను తిడుతున్నది!"

"గుండీలు పోతే మళ్ళీ కుట్టుకోవచ్చు, పరువు పోతే కుట్టే మిషనుందా? వినండి. ఆ ఒక్క పోగు కూడా లావనిపించింది నాకు. అప్పుడు చూశా, మా గది మూల సాలీడు. పెద్ద త్రాసు కొక్కేనికి గూడు కట్టుకుంటోంది. ఓ పోగు లాగి తూచా. ముల్లు కదల్లేదు! ఇదీ దారమంటే అనుకున్నా. దానికి పని పురమాయించా. రోజూ కూర్చోబెట్టి పేనించా. ఓ రోజు, 'కాస్త లావుగా వస్తోంది, ఇంకొంచెం సన్నగా తియ్యి' అన్నా, అంతే. దానికి కోపమొచ్చింది. గూడు దులుపుకుని, ఎనిమిది కాళ్ళూ తీసుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఈ రోజుల్లో పనివాళ్ళతో అదే చిక్కు. ఓ మాట పడరు."

కండక్టరు గారు మీసం కింద నవ్వుకున్నారు. పెద్దక్క పొయ్యి మంట తగ్గించింది.

"నవ్వండి, నవ్వండి. తోక తీసేశా. తోక తీసేసిన చోట తోక ఉండేదన్న గుర్తు మిగులుతుంది చూడండి, అదీ గీకేశా. ఇంక అసలైనది చెబుతా. సూత్రం. పటం నడుముకి కట్టే దారం. దాని ముడి ఎక్కడ వెయ్యాలన్నది అందరూ ఉజ్జాయింపుగా చేస్తారు. సిగ్గుండాలి! నేను తూచి వేశా. వేలికి తగిలించుకుని ఎత్తితే, కండక్టరు గారూ, నీళ్ళు పోసిన పళ్ళెంలా నిలిచింది పటం. ముక్కు లేవదు, వెనక దిగదు."

కండక్టరు గారు గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగారు. "ముక్కు లేవలేదా?"

"ఎందుకు లేస్తుందండీ? కట్టింది త్రాసు మేస్త్రి. మీరు పొర్లుదండాలు పెట్టినా నా చేతిలో ముల్లు పక్కకి పోదు."

ఆయన టీ తాగేశారు.

"అప్పుడు తూచా పటాన్ని మొత్తంగా. ఏమైందనుకున్నారు? ఒక పళ్ళెంలో పటం పెట్టా. రెండో పళ్ళెం ఖాళీ. ఖాళీ పళ్ళెం కిందికి దిగింది! పటం పళ్ళెం పైకి లేచింది! నా సర్వీసులో అలాంటి తూకం చూళ్ళేదు. సున్నా కంటే తేలిక. ఎగిరిపోతుందేమోనని కాగితాల మీద పెట్టే రాయి దానిమీద పెట్టా. రాయి పైకి లేచింది. వదినా, ఎందుకలా చూస్తావ్? రాయిని అడుగు."

"రాయి ఉందా ఇంకా?" అంది పెద్దక్క.

"నేలకి దిగితేగా! సరే, ఆదివారం పొద్దున్న మేడ ఎక్కా. గాలి ఎలా ఉందో తెలుసా? గాలి లేదు. లేదంటే ఏదో ఆకు కదిలేంత కూడా లేదు. నీ పొయ్యి పొగ, వదినా, నిటారుగా పైకొచ్చి, నా మొహం ముందు ఆగి, ఎటు పోవాలో తెలీక నన్ను దారడిగింది. ఈగ ఒకటి ఎగరబోయి, ఎగరలేక నడిచి వెళ్ళిపోయింది. వెనక వీధి వాళ్ళు వాళ్ళ డాబా మీద నిలబడి, వేలు తడిపి పైకెత్తి, ఉహూ అనుకుని దిగిపోయారు. నేను దిగలేదు. ఎందుకు దిగుతా? కింద వాటాలో మాకు అద్దెకిచ్చిన ఇంటాయన నిద్రపోతున్నాడు. గురక. ఆ గురక గాలి కిటికీలోంచి బయటికొస్తోంది. చాలు! పటాన్ని పిట్టగోడ దాటించి ఆ గురక మీద పెట్టా. ఆయన వదిలినప్పుడు జానెడు లేచేది, పీల్చినప్పుడు బెత్తెడు దిగేది. వదిలినప్పుడు దారం ఇచ్చా, పీల్చినప్పుడు బిగబట్టా. ఇచ్చా, బిగబట్టా. అలా మేడ దాటించా, కరెంటు తీగలు దాటించా, కొళాయి ట్యాంకు దాటించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంటాయన లేచాడు" అన్నాను.

"పక్కకి తిరిగి పడుకున్నాడు! ఇంకా గట్టిగా మొదలుపెట్టాడు. పటం ఒక్క ఊపున అందుకుంది. నా కాళ్ళు నేలమీద లేవు."

"అయ్యో" అంది పెద్దక్క, చాలా నెమ్మదిగా.

"అప్పుడు తెలిసింది నాకు. ఇంతసేపూ సామాను బరువు చూశాగానీ, నా బరువు చూసుకోలేదు. పటం తేలికైతే సరా, పట్టుకున్నవాడు తేలికవ్వొద్దూ? చెప్పులు వదిలేశా. కాస్త లేచా. వాచీ విప్పేశా. ఇంకాస్త. తాళాల గుత్తి పారేశా."

"ఓహో" అంది పెద్దక్క. "అందుకా ఆదివారం పొద్దున్న వీధంతా వంగి వంగి వెతుకుతుంటే, ఏం పోయింది మరిదీ అంటే తాళాలన్నావు?"

బావ కళ్ళు చిన్నవయ్యాయి. తర్వాత ఊపిరి తీసుకుని, "అవునొదినా. అవే తాళాలు. చూశారా కండక్టరు గారూ, సాక్ష్యం! వదినే సాక్ష్యం!" అన్నాడు. ఇంక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

"ఇంకా పైకెళ్ళా. మన వీధి కొలబద్దంత కనబడుతోంది. ఒక మబ్బు అడ్డొచ్చింది, మోకాలు ఆనించి పక్కకి తోశా, ప్యాంటు తడిసింది, మీ చెల్లెలు అడిగితే నీళ్ళ తొట్టి దగ్గర జారానన్నా, నమ్మదని. ఇంతలో చప్పుడు. విమానం! నా పక్కనే. దాన్ని నడిపేవాడు నన్ను చూశాడు, పటాన్ని చూశాడు, విమానాన్ని నెమ్మదిగా పక్కకి తెచ్చి, కిటికీ అద్దం దించి, 'సార్, ఈ సామాను ఎక్కడ కొన్నారు?' అన్నాడు. సార్ అన్నాడండీ! 'కొనలేదు బాబూ, తగ్గించా' అన్నా. 'మా బండి కూడా బరువుగా లాగుతోంది సార్, కాస్త చూసి చెబుతారా' అన్నాడు. వింటున్నారా? రెక్క పట్టుకుని ఊపి చూశా. ఎడమవైపు బరువు ఎక్కువుంది. లావుపాటి వాళ్ళందర్నీ ఒకే వైపు కూర్చోబెట్టాడు. సగం మందిని కుడివైపుకి మార్చమన్నా. మార్చాడు. విమానం అలా తేలిపోయింది. వెళ్తూ వెళ్తూ రెక్క ఊపి దణ్ణం పెట్టాడు."

ఇక్కడ బావ నిజంగానే నిలబడ్డాడు. మెడ మీద నరాలు లేచాయి. వేలు కండక్టరు గారి వైపు చూపించి, ఆ వేలు మర్యాద కాదని గుర్తొచ్చి అరచెయ్యి చేసి, "విమానం నడిపేవాడు విన్నాడండీ నా మాట! బస్సులో టిక్కెట్లు కొట్టినాయన వినరు! ఇంతకంటే అన్యాయం ఉంటుందా? గుండీలు కుట్టే కుర్రాడికి దారమిస్తారా? వాడు పటమంటే జేబుకీ కాలరుకీ మధ్యలో వచ్చేదేదో అనుకుంటాడు! ఏడాదంతా నేను గీకి, అతికి, తూచి, చేతులు కాయలు కాచేలా కూర్చుంటే, నన్ను తీసేస్తారా?" అన్నాడు.

ఆ చివరి మాటల దగ్గర ఆయన గొంతు మారింది. కోతలు కొయ్యడం మానేసి మాట్లాడినట్టుంది. నాకు కాస్త బాధేసింది. ఏడాదంతా ఆ గదిలో లైటు వెలుగుతూ ఉండడం నేనూ చూశాను.

కానీ ఆయనే మళ్ళీ సర్దుకున్నాడు.

"సరే, ఇంకా పైకెళ్తే చంద్రుడు. పొద్దున్న పూట వెలిసిపోయి ఉంటాడు చూడండి, అలా ఉన్నాడు. పటం వెళ్ళి చంద్రుడి వీపుకి తగులుకుంది. కాస్త లాగా. కదిలాడు! నిజం. ఇంకాస్త లాగితే మన డాబా మీద దింపేవాణ్ణి. కానీ ఆలోచించా. ఊరందరి సొత్తు, మనం దించేసుకుంటే బాగోదు. పైగా దాన్ని సమంగా నిలబెట్టడానికి అట్టముక్కలు ఎన్ని కావాలి? అందుకని దారం నా చేత్తోనే తెంపేశా. జేబులో మిగిలిన పొట్లాల కాగితం మెట్లలా పరుచుకుంటూ దిగొచ్చా, అది వేరే కథ. పటం మాత్రం రాలేదు. అలాంటి పటం పడుతుందా? ఎలా పడుతుంది, బరువుంటేగా! ఎవరైనా అడగండి నన్ను, పటం ఎక్కడుందని అడగండి. అడగండి!"

"ఎక్కడుంది?" అన్నారు కండక్టరు గారు.

"పైనే ఉంది! ఈ క్షణం కూడా పైనే ఉంది!"

"అవును" అంది పెద్దక్క. పాలు పొంగుతుంటే గరిటెతో అణిచి, కొంగుతో మొహం తుడుచుకుంది. "పైనే ఉంది. తలెత్తి చూడు మరిదీ."

బావ తలెత్తాడు. పాలగిన్నె మీద పటం కదలకుండా వేలాడుతోంది, ఎండలో వెలుగుతూ.

"ఇదా? ఇది ఎవరిదో గళ్ళ పటం కదా?"

"గళ్ళు కావు మరిదీ. అతుకులు."

బావ పొయ్యి వైపు ఒక అడుగు వేశాడు.

"ఆదివారం పొద్దున్న దారం తెగి నీ మేడ మీంచి వచ్చింది" అంది అక్క. "ఊగలేదు, తిరగలేదు. ఎవరో పళ్ళెం దించినట్టు తిన్నగా దిగి, రేకుల కిందికి జారి ఈ గిన్నె మీదే కూర్చుంది, ఒక్క చుక్క పాలు ఒలకలేదు. అంత చక్కగా ఉన్నదాన్ని పారెయ్యబుద్ధి కాక ఆ సూత్రంతోనే మేకుకి తగిలించా. నువ్వు పరిగెత్తుకుంటూ దిగొచ్చావు. అడిగితే ఇద్దామనే ఉన్నా. తాళాలన్నావు."

"మరి ఇందాకట్నుంచీ నా కళ్ళెదురుగానే ఉంటే..." అన్నాడు బావ.

"ఎలా గుర్తుపడతావు? బల్ల మీద పెట్టుకుని చూశావు, ఒళ్ళో పెట్టుకుని చూశావు. అక్కడ ఆ అతుకులు కనబడవు. వెలుగు వెనకుంటేనే కనబడతాయి. దాన్ని ఆకాశం మీద నువ్వెప్పుడు చూశావు గనక? ఒక్కసారి ఎగిరుంటే తెలిసేది."

బావ బల్ల మీద కూర్చున్నాడు. నవ్వుదామనుకున్న నాకు నవ్వు రాలేదు. పెద్దక్క కూడా అనవసరంగా అన్నానేమో అన్నట్టు గ్లాసులు కడగడం మొదలుపెట్టింది, కడిగినవే మళ్ళీ.

కండక్టరు గారు లేచి పటాన్ని మేకు నుంచి తీశారు. అరచేతిలో పెట్టుకున్నారు. చెయ్యి పైకీ కిందకీ ఆడించారు. చాలాసేపు చూశారు.

"ఇది నువ్వే కట్టావా?"

"ఇంకెవరు కడతారు?" బావ తల ఎత్తలేదు.

"ఇంత తేలిక పటం నేనెప్పుడూ పట్టుకోలేదయ్యా. కానీ ముక్కు లేవకపోతే పటానికి గాలి అందదు. సూత్రం ముడి ముక్కు వైపుకి జరుపు."

బావ చటుక్కున లేచాడు. "జరిపితే వంకరపోతుంది!"

"పోవాలి."

"కండక్టరు గారూ!" ఆయనకి పోయిన కోపమంతా తిరిగొచ్చింది. "సమంగా ఉన్నదాన్ని చెడగొట్టమంటారా? మా నాన్న దగ్గర పని నేర్చుకున్నప్పటినుంచీ ఈ చేత్తో ముల్లు పక్కకుండే తూకం కట్టలేదు. అందరి ముందూ వంకర పటం పట్టుకుని నిలబడమంటారా? నా మొహాన ఉమ్మెయ్యరూ? కావాలంటే మీ టైలరు చేత జరిపించుకోండి, నేను చూడను, అటు తిరుగుతా!"

నిజంగానే అటు తిరిగాడు. తిరిగితే మెట్ల మీద మా చిన్నక్క ఉంది, పాలచెంబుతో. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. కండక్టరు గారి చేతిలో పటాన్ని చూసింది. బావ మొహం చూసింది. రేకుల బయటికి వచ్చి ఆకాశం వైపు చూసింది.

"గాలి లేదండీ" అంది. "బొత్తిగా లేదు. ఇప్పుడే చూడండి."

గాలి అంది. ఏడాది తర్వాత.

ఆవిడ చెంబు బల్లమీద పెట్టి, మెట్ల కింద గదిలోకెళ్ళి చరఖా తెచ్చింది. దాని నిండా నా కొట్లో చొక్కాల దారం, ఒక్క పోగుది. వీధి మధ్యలో నిలబడి, "రండి" అంది.

బావ పటం తీసుకున్నాడు. ముడి మీద గోరు పెట్టాడు. పెట్టి, కళ్ళు మూసుకుని, పాపం చేస్తున్నవాడిలా పళ్ళు బిగించి, ముడిని ముక్కు వైపుకి జరిపాడు. ఎత్తి పట్టుకుంటే ముక్కు లేచింది, వెనక దిగింది. ఆయన దానివైపు చూడలేకపోయాడు. నేనే అందుకుని, చరఖా దారం సూత్రానికి కట్టి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి, చేతులెత్తి నిలబడ్డాను.

"లాగు బావా!"

లాగాడు. నేను వదల్లేదు, అదే నా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. వెళ్ళిన సంగతి వేళ్ళకి తెలియలేదు. కొట్టు రేకులు దాటింది, మేడ పిట్టగోడ దాటింది, తీగలు దాటింది. ఆకు కదలడం లేదు. పెద్దక్క పొయ్యి పొగ నిటారుగానే ఉంది. పటం మాత్రం ఎక్కుతూనే ఉంది. మేడ నీడ దాటి ఎండలోకి వెళ్ళగానే దాని నిండా గళ్ళు వెలిగాయి.

బావ తలెత్తి చూస్తున్నాడు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రాసుకున్నాడు.

"కండక్టరు గారూ," అన్నాను, "రేపు నాకు కుదరదండీ. గుండీలు ఊడినవాళ్ళు చాలామంది ఉన్నారు."

ఆయన తలూపారు. "దారం మేస్త్రే పట్టుకుంటాడు."

అంతే, బావకి గొంతు వచ్చేసింది. అదే కోపం, అదే గొంతు. "చూశారా? ఇప్పుడు చూశారా? పైనే ఉందన్నానా లేదా? మొత్తుకుని చెబితే ఒక్కరు నమ్మారా? వదినా, నువ్వు నమ్మావా? పాలకి మూతేశావు! ఒరే టైలరూ, నువ్వు నవ్వావు, నేను చూశా! ఇప్పుడు విమానం కూడా వస్తుంది, నిలబడి చూడండి, వాడే చెబుతాడు..."

"ఏమండీ," అంది మా చిన్నక్క, చరఖా తిప్పుతూ, పైకే చూస్తూ, "కాస్త నెమ్మదిగా మాట్లాడండి. మీ గాలికి పటం పక్కకి పోతోంది."